చిన్నప్పటి కార్టూన్‌ని దాని సొంత సైట్‌లోనే మళ్లీ చూడటం ఎలా?

“సైట్ పేరు కొడితే ఇంకెక్కడికో తీసుకుపోతోంది.” “ప్లగిన్ కావాలని అడుగుతోంది, అదేమో ఎక్కడా దొరకడం లేదు.” “పేజీ వచ్చింది గానీ ఆట ఉండాల్సిన చోట ఖాళీ డబ్బా కనిపిస్తోంది.” చిన్నప్పుడు చూసిన కార్టూన్ అధికారిక సైట్ కోసం వెతికేవాళ్లు తిప్పితిప్పి అడిగేవి ఈ మూడే. మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. వరుసగా చేసుకుంటూ వెళితే చాలా సైట్లలో కొంతైనా తిరిగి కళ్లబడుతుంది.

ఒక్క మాట ముందే. మీకు కావాల్సింది ఎపిసోడ్లు మాత్రమే అయితే సంస్థ వారి యూట్యూబ్ ఛానెల్ చాలు, ఈ తంటా అక్కర్లేదు. సైట్‌లో ఉండేది వేరే సరుకు. ఆటలు, పాత్రల పరిచయాలు, ప్రింట్ తీసి రంగులేసుకునే బొమ్మలు, మౌస్ పెడితే చప్పుడు చేసే బటన్లు. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి ఆడిన ఆ ఆటలు ఏ వీడియోలోనూ దొరకవు. అవి కావాలంటేనే కింది పని.

కావలసినవి

- కంప్యూటర్ లేదా ల్యాప్‌టాప్. ఫోన్‌లో కొంతవరకు నడుస్తుంది గానీ పాత ఆటలు చాలావరకు బాణం మీటలు, స్పేస్ బార్‌తో ఆడేవి. ఫోన్‌లో ఆ మీటలు ఉండవు.
- ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్‌లలో ఏదో ఒక బ్రౌజర్.
- రఫుల్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ఉచితం. అప్పటి సైట్లలో ఆటలు, కదిలే బొమ్మలు ఎక్కువగా ఫ్లాష్ అనే పద్ధతిలో చేసినవి. పాత ఫ్లాష్ ఫైళ్లను ఫ్లాష్ ప్లేయర్ లేకుండానే ఆడిస్తుంది. బ్రౌజర్ సొంత ఎక్స్‌టెన్షన్ల దుకాణం నుంచే వేసుకోండి.
- మీరు ఆ కార్టూన్ ఏ ఛానెల్లో, సుమారుగా ఏ ఏళ్లలో చూశారో ఆ లెక్క. అన్నిటికంటే ముఖ్యం ఇదే.

వద్దనుకోవాల్సింది: ఫ్లాష్ ప్లేయర్. అడోబీ 2020 డిసెంబర్ 31తో దాన్ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి, అప్పటికే కంప్యూటర్లలో ఉన్న ప్లేయర్లు కూడా ఫైళ్లను ఆడించకుండా అడ్డుకట్ట వేసింది. ఇవాళ “ఫ్లాష్ ప్లేయర్ డౌన్‌లోడ్” అని ఎవరైనా బటన్ చూపిస్తే అది అడోబీది కాదు. అలాంటి ఫైళ్లలో వైరస్ ఉండే అవకాశమే ఎక్కువ. పాత పేజీ “ప్లగిన్ వేసుకోండి” అని అడిగేది సాధారణంగా దీన్నే, నొక్కకండి. ఆ పేజీ తన కాలపు మాట చెబుతోంది, అంతే.

సైట్ చిరునామాలను ఇక్కడ పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

1. ఏడాది తేల్చుకోండి

“చిన్నప్పుడు” అంటే సరిపోదు. కార్టూన్ సైట్లు రెండు మూడేళ్లకోసారి మొత్తం మారిపోయేవి. మీరు ఆడిన ఆట 2004లో ఉండి 2007 నాటికి తీసేసి ఉండొచ్చు. జ్ఞాపకం లేకపోతే ఆనవాళ్లు పట్టుకోండి. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995లో మొదలైంది. పోగో 2004లో వచ్చింది. ఛోటా భీమ్ పోగోలో 2008లో మొదలైంది. అప్పుడు మీరు ఏ తరగతో, ఇంట్లో కంప్యూటర్ ఉందో, నెట్ సెంటర్‌కి వెళ్లేవారో గుర్తు చేసుకుంటే రెండేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. అంత దగ్గరైతే చాలు.

2. అసలు చిరునామా పట్టుకోండి

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. మచ్చుకి పోగో. చాలామంది “పోగో డాట్ కామ్” అని కొడతారు. అక్కడ పేకాట, పజిల్స్ లాంటి ఆటలు కనిపించేసరికి “సైట్ మొత్తం మార్చేశారు” అనుకుంటారు. అది అసలు ఆ ఛానెల్ సైట్ కానే కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా కంపెనీ నడిపే ఆటల సైట్. మన టీవీలో వచ్చిన పోగో చిరునామా “పోగో డాట్ టీవీ”. అలాగే కార్టూన్ నెట్‌వర్క్‌కి అమెరికా సైట్ వేరు, “కార్టూన్‌నెట్‌వర్క్‌ఇండియా డాట్ కామ్” వేరు. మీరు ఇండియాలో ఆడిన ఆట అమెరికా సైట్‌లో వెతికితే దొరకకపోవచ్చు. రెండూ చూడండి.

చిరునామా తెలియకపోతే గూగుల్‌లో పైన వచ్చిన లింకును నమ్మకండి. వికీపీడియాలో ఆ కార్టూన్ లేదా ఛానెల్ వ్యాసం తెరిచి, పైన “చరిత్ర” నొక్కి, పదేళ్ల కిందటి కూర్పు చూడండి. వ్యాసం చివర బయటి లింకుల్లో అప్పటి అధికారిక సైట్ చిరునామా ఉంటుంది. ఇప్పటి కూర్పులో దాన్ని తీసేసి ఉండొచ్చు, పాత కూర్పులో మాత్రం అలాగే ఉంటుంది.

3. ముందు ఇప్పటి సైట్ తెరిచి చూడండి

మూడు రకాలుగా ఎదురవుతుంది.

*సైట్ బతికే ఉంది, పాత సరుకూ ఉంది.* ఇది అరుదు, కానీ ఉంది. హోమ్‌స్టార్ రన్నర్ మంచి ఉదాహరణ. అమెరికాలోని అట్లాంటాలో మైక్, మ్యాట్ చాప్‌మన్ అనే అన్నదమ్ములు 2000లో మొదలుపెట్టిన ఫ్లాష్ కార్టూన్ సైట్ ఇది. అమెరికాలో పెరిగిన మన పిల్లల్లో కొందరికి ఇదే చిన్ననాటి కార్టూన్. ఫ్లాష్ ఆగిపోయినప్పుడు వాళ్లు సైట్‌లోనే రఫుల్ పెట్టేశారు. మీరు ఏమీ వేసుకోనక్కర్లేదు, క్లిక్ చేస్తే ఆడుతుంది. సైట్‌లోనే ఎందుకు చూడాలో కూడా ఇక్కడ బాగా తెలుస్తుంది. స్ట్రాంగ్ బ్యాడ్ అనే పాత్రకి వచ్చిన ఈమెయిళ్ల ఎపిసోడ్లలో బొమ్మ ఆగిపోయాక చివరి తెర మీద మౌస్ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడో ఒక మాట మీద బాణం కాస్తా చెయ్యి గుర్తుగా మారుతుంది. అక్కడ నొక్కితే దాచిపెట్టిన ఇంకో ముక్క బయటపడుతుంది. అదే ఎపిసోడ్ యూట్యూబ్‌లో చూస్తే ఆ తెర వస్తుంది గానీ నొక్కడానికి ఏమీ ఉండదు.

*సైట్ బతికే ఉంది, కానీ ఇప్పుడు అంతా వీడియోలు, అమ్మకాలే.* కొత్త తరం కార్టూన్లలో ఇది మామూలు. ఛోటా భీమ్ చేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్. రాజీవ్ చిలక 2001లో పెట్టిన సంస్థ. ఇలాంటి చోట ఛానెల్ సైట్‌తో ఆగకుండా తయారీ సంస్థ సొంత సైట్ కూడా తెరవండి. అక్కడి నుంచి ఇచ్చిన లింకు పట్టుకునే యూట్యూబ్‌కి వెళ్లండి. ఢోలక్‌పూర్, లడ్డూ అని వెతికితే అవే బొమ్మలు దొంగిలించి పెట్టిన ఛానెళ్లు కూడా వస్తాయి. పిల్లలకు చూపించేటప్పుడు ఈ జాగ్రత్త తప్పదు.

*సైట్ మూతబడింది.* అమెరికా కార్టూన్ నెట్‌వర్క్ సైట్‌ని 2024 ఆగస్టులో మూసేసి, వచ్చినవాళ్లను అప్పట్లో మ్యాక్స్ అనే పేరున్న చందా సేవకు మళ్లించారు. “ఇంకెక్కడికో పోతోంది” అన్న ప్రశ్నకి జవాబు ఇదే. మీ బ్రౌజర్‌లో లోపం లేదు. దీనికి మందు నాలుగో మెట్టులో ఉంది.

ఇంకో ప్రమాదం ఉంది. సంస్థ చిరునామాకి గడువు పొడిగించకపోతే దాన్ని వేరేవాళ్లు కొనేసుకుంటారు. పిల్లల సైట్ పేరుతో బెట్టింగ్ ప్రకటనలు తెరుచుకునేది అందుకే. పేజీ అడుగున కాపీరైట్ వరుసలో ఛానెల్ పేరు గానీ తయారీ సంస్థ పేరు గానీ లేకపోతే వెంటనే మూసేయండి.

4. వేబ్యాక్ మెషీన్‌లో పాత కాపీ తెరవండి

ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1996 నుంచి వెబ్ పేజీల కాపీలు దాస్తోంది. వాటిని చూపించే చోటే వేబ్యాక్ మెషీన్. చిరునామా “వెబ్ డాట్ ఆర్కైవ్ డాట్ ఆర్గ్”.

అక్కడి పెట్టెలో పాత సైట్ చిరునామా వేసి ఎంటర్ కొట్టండి. ముందు డబ్ల్యూలు మూడూ పెట్టాలా వద్దా అని ఆలోచించకండి, రెండూ దానికి ఒకటే. పైన ఏళ్ల వరుస, కింద ఆ ఏడాది క్యాలెండర్ వస్తాయి. మీ ఏడాది నొక్కండి. తేదీల మీద రంగు చుక్కలు కనిపిస్తాయి. ఈ రంగులు తెలియకే చాలామంది గంటలు పోగొట్టుకుంటారు.

- నీలం: పేజీ సవ్యంగా దొరికింది. దీన్నే నొక్కాలి.
- ఆకుపచ్చ: ఆ రోజు సైట్ ఇంకో చిరునామాకి మళ్లించింది.
- నారింజ: పేజీ లేదని సైట్ చెప్పింది.
- ఎరుపు: ఆ రోజు సర్వర్ పనిచేయలేదు.

చుక్క పెద్దదైతే ఆ రోజు ఎక్కువసార్లు కాపీ తీశారని అర్థం. అంతేగానీ పేజీ బాగుందని కాదు. పెద్ద చుక్క వెంట పడకండి, నీలం చుక్కల్లో నెలకొకటి చొప్పున చూడండి.

పేజీ తెరుచుకోవడానికి నిమిషం పట్టినా కంగారు పడొద్దు. మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొడితే కాసేపు మిమ్మల్ని ఆపేస్తుంది కూడా. అప్పటి పేజీలు చిన్న తెరలకు చేసినవి కాబట్టి ఒక మూలన అగ్గిపెట్టెంత కనిపిస్తాయి. కంట్రోల్ మీట పట్టుకుని ప్లస్ మీట నొక్కుతూ 150 శాతానికి పెంచండి.

తెరుచుకున్నాక పైన చిరునామా వరుసలో 14 అంకెలు గమనించండి. ఏడాది, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. లింకులు నొక్కుతూ పోయేకొద్దీ ఈ అంకెలు మీకు తెలియకుండానే మారిపోతాయి. 2005 పేజీ నుంచి బయలుదేరి 2011లో తేలతారు. ఆ రోజు ఆ పేజీ కాపీ లేకపోతే దగ్గర్లో ఉన్న ఇంకో రోజుది చూపించడం దాని పద్ధతి. బొమ్మలు ఒక్కసారిగా కొత్తగా అనిపిస్తే ముందు అంకెలు చూసుకోండి. ఆ అంకెల్లో ఏడాదిని చేత్తో మార్చి ఎంటర్ కొట్టినా ఆ కాలానికి దగ్గరి కాపీకి తీసుకెళ్తుంది.

5. రఫుల్ పనిచేస్తోందో లేదో చూసుకోండి

వేబ్యాక్ మెషీన్ తన పాత పేజీల్లో రఫుల్‌ని తనే పెడుతుంది కాబట్టి కొన్నిసార్లు ఏమీ చేయకుండానే బొమ్మ కదులుతుంది. కదలకపోతే మీరు వేసుకున్న ఎక్స్‌టెన్షన్ ఆన్‌లో ఉందో లేదో చూసి పేజీని ఒక్కసారి మళ్లీ తెరవండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ఫైర్‌ఫాక్స్‌లో ఇది వేసుకోవచ్చు. ఫోన్‌లోని క్రోమ్‌లో కుదరదు.

తేల్చుకునే పద్ధతి తేలిక. బొమ్మ ఉండాల్సిన చోట కుడి క్లిక్ చేయండి. వచ్చిన జాబితాలో రఫుల్ పేరు కనిపిస్తే ప్లేయర్ నడుస్తోంది, తేడా ఫైల్లో ఉంది. బ్రౌజర్ మామూలు జాబితా వస్తే ప్లేయరే అంటుకోలేదు. మధ్యలో పెద్ద ప్లే గుర్తు ఉంటే ఒకసారి నొక్కాలి. శబ్దం కూడా ఆ క్లిక్ తర్వాతే వస్తుంది. బాణం మీటలు నొక్కితే ఆట బదులు పేజీ పైకీ కిందికీ జారుతోందంటే ఆట మీద ఒకసారి క్లిక్ చేసి మళ్లీ నొక్కండి.

2006కి ముందు చేసిన ఆటలు రఫుల్‌లో సాధారణంగా బాగా ఆడతాయి. ఆ ఏడాది ఫ్లాష్ 9తో పాటు యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే కొత్త కోడు భాష వచ్చింది. దాంతో రాసిన ఆటల్లో కొన్ని మధ్యలో ఆగుతాయి, కొన్నిట్లో బటన్లు పనిచేయవు. రఫుల్ ఇంకా మెరుగవుతూనే ఉంది. ఇవాళ ఆడని ఆటని ఆరు నెలల తర్వాత మళ్లీ ప్రయత్నించండి.

6. పేజీ ఉంది, ఆట లేదు: ఫైల్‌ని నేరుగా వెతకండి

ఖాళీ డబ్బాకి అసలు మందు ఇది. ఆట పేజీ ఒక రోజు కాపీ అయి ఉంటుంది, ఆట ఫైల్ ఇంకో రోజు అయి ఉంటుంది. ఒక్కోసారి ఆట ఫైళ్లు సైట్ పేరుతో కాకుండా యజమాని సంస్థ సర్వర్ పేరుతో ఉంటాయి. కార్టూన్ నెట్‌వర్క్ అప్పట్లో టర్నర్ చేతిలో ఉండేది. బొమ్మలు, ఆటల ఫైళ్లలో కొన్ని టర్నర్ పేరున్న సర్వర్ నుంచి వచ్చేవి.

వేబ్యాక్ మెషీన్‌లో సైట్ చిరునామా ఇచ్చాక పైన క్యాలెండర్ పక్కన యూఆర్‌ఎల్స్ అని ఉంటుంది. అది నొక్కితే ఆ సైట్‌లో కాపీ అయిన ఫైళ్ల పట్టిక వస్తుంది. వడపోత పెట్టెలో “ఎస్‌డబ్ల్యూఎఫ్” అని ఇంగ్లీషులో కొట్టండి. ఫ్లాష్ ఫైళ్లు మాత్రమే మిగులుతాయి. పట్టిక 10,000 చిరునామాల దగ్గర ఆగిపోతుంది కాబట్టి పెద్ద సైట్లకి మొత్తం పేరు ఇవ్వకండి. చిరునామా చివర వాలు గీత (స్లాష్), గేమ్స్ అనే ఫోల్డర్ పేరు, మళ్లీ వాలు గీత, నక్షత్రం గుర్తు పెట్టి ఆ ఫోల్డర్ వరకే అడగండి.

పట్టికలో “డీసీఆర్” అని ముగిసే ఫైళ్లు కనిపిస్తే అవి ఫ్లాష్ కావు, షాక్‌వేవ్ అనే ఇంకో పాత పద్ధతివి. రఫుల్ వాటిని ఆడించదు. అప్పటి కార్టూన్ ఆటల్లో షాక్‌వేవ్‌వి తక్కువేం కాదు. షాక్‌వేవ్ ప్లేయర్‌ని కూడా అడోబీ 2019లో ఆపేసింది. వీటికి ఫ్లాష్‌పాయింట్ ఆర్కైవ్ అనే ప్రాజెక్టు చూడండి. ఔత్సాహికులు వెబ్ ఆటలను కాపాడే పని అది. ఇన్ఫినిటీ అనే చిన్న కూర్పు తీసుకోండి, మీరు ఎంచుకున్న ఆట అప్పటికప్పుడు దిగుతుంది. అల్టిమేట్ అనే కూర్పు టెరాబైట్‌కి పైనే, ఇంట్లో వాడకానికి అది అక్కర్లేదు. ఇది అధికారిక సైట్ కాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి.

7. దించుకున్న ఫైల్ మంచిదేనా?

ఫ్లాష్ ఫైల్‌ని దించుకుని రఫుల్ డెస్క్‌టాప్ కూర్పులో తెరిస్తే బ్రౌజర్ గొడవ ఉండదు. దించేటప్పుడు చిరునామాలోని 14 అంకెల వెంటనే, ఖాళీ లేకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఐ, డి, ఆ తర్వాత అండర్‌స్కోర్ చేర్చండి. ఆర్కైవ్ తన పట్టీ, తన కోడు కలపకుండా అసలు ఫైల్ ఇస్తుంది.

తెరుచుకోకపోతే నోట్‌ప్యాడ్‌లో పెట్టి మొదటి మూడు అక్షరాలు చూడండి. ఎఫ్‌డబ్ల్యూఎస్ లేదా సీడబ్ల్యూఎస్ అని ఉంటే నిజమైన ఫ్లాష్ ఫైలే. అలా కాక “హెచ్‌టీఎంఎల్” అన్న మాట కనిపిస్తే ఫైల్ పేరుతో “పేజీ దొరకలేదు” అనే పేజీని దించుకున్నారన్నమాట. ఇంకో తేదీ కాపీ ప్రయత్నించండి. ఫైల్ సరైనదే అయినా “లోడింగ్” దగ్గర పట్టీ కదలకుండా ఉంటే, ఆ ఆట పక్కనే ఉండాల్సిన ఇంకో ఫైల్‌ని అడుగుతోందని అర్థం. ఆరో మెట్టుకి వెళ్లి అదే ఫోల్డర్‌లోని మిగతా ఫైళ్లు కూడా దించి, పేర్లు మార్చకుండా ఒకేచోట పెట్టండి.

ఎంత వెతికినా రానివి

పాత సైట్లలో వీడియోలు రియల్ ప్లేయర్, విండోస్ మీడియా లాంటి స్ట్రీమింగ్ సర్వర్ల నుంచి వచ్చేవి. ఆర్కైవ్‌కి అవి చాలావరకు చిక్కలేదు. స్కోరు పట్టికలు, ఓటింగ్, లాగిన్ అవతలి సర్వర్ మీద ఆధారపడినవి. సర్వర్ పోయాక అవీ పోయాయి. పాత పేజీలో లాగిన్ పెట్టె కనిపించినా పాస్‌వర్డ్ కొట్టకండి.

తెలుగు కోసం వెతికేవాళ్లకి ఇంకో మాట. మనం విన్న తెలుగు గొంతులు టీవీ ఛానెల్ కోసం చేసిన డబ్బింగ్. ఆ ఛానెళ్ల సైట్లు ఇంగ్లీషులో ఉండేవి, అమెరికా సైట్‌లో తెలుగు వెతకడం వృథా. తెలుగు కావాలంటే ఇప్పటి అధికారిక యూట్యూబ్ వీడియోలో చక్రం గుర్తు నొక్కి ఆడియో ట్రాక్ అనే వరుస ఉందేమో చూడండి. ఉంటే భాషలు అక్కడే మార్చుకోవచ్చు. ఆ వరుసే లేకపోతే ఆ వీడియోకి ఒకే భాష ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్లకి “మీ దేశంలో అందుబాటులో లేదు” అని వస్తే అది హక్కుల పంపకం వల్ల. ఫోన్ మార్చినా బ్రౌజర్ మార్చినా తేడా ఉండదు.

దొరికింది మీరు ఆడినదేనా?

పేజీ కుడి పైమూల ఆర్కైవ్ పట్టీలో “ఈ కాపీ గురించి” అన్న అర్థమిచ్చే లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే పేజీలోని ఒక్కో బొమ్మా, ఒక్కో ఫైలూ అసలు తేదీకి ఎన్ని రోజుల తేడాతో తెచ్చిందో చూపిస్తుంది. తేడా గంటల్లో, రోజుల్లో ఉంటే మీరు చూస్తున్నది దాదాపుగా ఆనాటి పేజీయే. ఏళ్లలో ఉంటే ఆ ముక్క వేరే కాలానిది.

8. దొరికినదాన్ని భద్రం చేసుకోండి

బుక్‌మార్క్ చేసేటప్పుడు 14 అంకెలున్న పూర్తి చిరునామానే దాచండి. అన్నకో చెల్లికో పంపినా అదే పంపండి. అంకెలు లేకుండా పంపితే వాళ్లు మూతబడిన సైట్‌కే వెళ్తారు. దించుకున్న ఆట ఫైళ్లను వేరేచోట మళ్లీ పెట్టకండి, హక్కులు సంస్థవే.

మీ కార్టూన్ సైట్ ఇప్పటికీ బతికే ఉంటే ఇంకో ఐదు నిమిషాలు కేటాయించండి. వేబ్యాక్ మెషీన్ మొదటి పేజీలో, ఉన్న పేజీని అప్పటికప్పుడు దాచే పెట్టె ఉంటుంది. ముఖపేజీ, పాత్రల పేజీ, ఆటల పేజీ విడివిడిగా ఒక్కొక్కటీ ఇవ్వండి. ముఖపేజీ ఇచ్చినంత మాత్రాన లోపలి పేజీలు దానంతటవే రావు. దాచడం పూర్తయ్యాక వచ్చే లింకు తెరిచి, బొమ్మలు నిజంగా వచ్చాయో లేదో అక్కడే చూసుకోండి.